మూసీ నేర్పిన పొరుగు ధర్మం



1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొట్టనపెట్టుకున్న వారిని తలచుకోవడానికి ఇక్కడ కూడాం. ఆ వరదలో పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. కోల్సావాడి, ఘాన్సీబజార్ నీళ్లపాలయ్యాయి. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా నిలిచే ఉంది. ఇంటికెళ్లే దారిలో చూసి వెళ్లండి.

మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. మునిగింది పట్నమైనా ఆయన లెక్క తీసింది ఎగువ ఊళ్ల చెరువులది. పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుంటే ఆ వానకు 221 తెగాయని తేలింది. ఒక కట్ట తెగి కింది చెరువు మీద పడితే అదీ తెగుతుంది. అంతా కలిసి పురానాపూల్ మీదికి వస్తుంది. అందుకే వరదను పట్నం బయటే ఆపాలన్నారాయన. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఈలోగా 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు బస్తీలను సరిచేసి, రోడ్లు తీసింది. ఎగువన జలాశయాలు, దిగువన పట్నం పునర్నిర్మాణం ఒకే ఆలోచనలో భాగాలు.

అయితే ఎగువా దిగువా నిజాం ఇలాకాయే కాబట్టి ఆ పని కుదిరింది. ఎల్లకు అవతల మరో ప్రభుత్వం ఉంటే? ఆ పరీక్ష తుంగభద్ర పెట్టింది. సొంత నాణెం, సొంత తపాలా ఉన్న హైదరాబాదు ఒక ఒడ్డున, బ్రిటిష్ వారి మద్రాసు మరో ఒడ్డున. దశాబ్దాల బేరం తర్వాత 1944 జూన్‌లో ఒప్పందం కుదిరింది: చెరి 65 టీఎంసీలు. హైదరాబాదు పక్షాన బేరమాడినవాడు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 1945 ఫిబ్రవరి 28న రెండు ఒడ్డుల మీదా శంకుస్థాపన జరిగింది. ఎడమ వైపు కట్టు హైదరాబాదు ఇంజనీర్లది, కుడి వైపు మద్రాసు వారిది. కట్ట పూర్తయ్యేలోగా ఆ రెండు ప్రభుత్వాల రూపమే మారిపోయింది. 1953లో ఏర్పడిన తుంగభద్ర బోర్డు మాత్రం ఈనాటికీ పనిచేస్తోంది.

ఆ తర్వాత బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో 2060 టీఎంసీలను మూడు రాష్ట్రాలకు పంచింది. 2014లో కృష్ణా నదీ యాజమాన్య బోర్డు వచ్చింది. నీటి వాటా కోసం కొట్లాడటం, కూర్చుని పంచుకోవడం రెండూ మనకు వచ్చు. మనం వదిలేసిన లెక్క ఒకటుంది. పై వాడు తన భూమిని ఎలా వాడితే కింది వాడికి ఏమవుతుంది?

ఆ లెక్క వేసుకున్నవాళ్లూ ఉన్నారు. 1986లో స్విట్జర్లాండులోని బాసెల్ దగ్గర ఒక రసాయనాల గోదాము తగలబడింది. విషం రైన్ నదిలో కలిసి చేపలను చంపింది, దాని జాడ నెదర్లాండ్స్ దాకా చేరింది. మరుసటి ఏడాదే ఆ ఒడ్డు దేశాలు ఉమ్మడి కార్యాచరణకు ఒప్పుకున్నాయి. 1991లో ఎస్పో ఒప్పందం వచ్చింది: పొరుగు దేశానికి చెరుపు చేయగల ప్రాజెక్టును మొదలుపెట్టే ముందే ఆ పొరుగుకు చెప్పాలి, వాళ్ల జనం మాట వినాలి.

మన దగ్గరా అలాంటి ప్రయత్నం జరిగింది. 1996లో 111వ జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద కాలనీలను కట్టడి చేసింది. 2022లో 69వ జీవో ఆ కట్టు సడలించింది. ఇన్నేళ్లు ఆంక్షల బరువు మోసిన 84 గ్రామాల రైతుకు పట్నం ఇచ్చిన పరిహారం ఏమిటని కూడా అడగాలి. భారం ఒకరిది, నీళ్లు ఇంకొకరివి అయితే ఏ కట్టుబాటూ నిలవదు.

దిగువకు చూడండి. మన ఇళ్ల మురుగు మూసీలో పడి, కత్వల మీదుగా భువనగిరి, వలిగొండ పొలాల్లోకి పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తోంది. పట్నం మాస్టర్ ప్లాను రాసేటప్పుడు ఆ రైతును పిలిచినవాడు లేడు. మనమే దిగువ వాళ్లమైన రోజూ ఉంది. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. ఎగువ చెరువు శిఖం ఏమవుతోందో మనకూ ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఈ సభ తరఫున ప్రభుత్వాన్ని కోరేది ఒకటే. అనంతగిరి నుంచి వాడపల్లి దాకా మూసీకి ఒకే ప్రణాళిక ఉండాలి. వికారాబాదు, పాతబస్తీ, నల్లగొండ ప్రతినిధులు అందులో సమానంగా కూర్చోవాలి. రెండు వేర్వేరు రాజ్యాలు 1944లో ఒక నది కోసం కలిసి కూర్చోగలిగాయి. ఒకే రాష్ట్రంలోని మూడు ప్రాంతాలు కూర్చోలేకపోవడానికి సాకు లేదు.