నీటితో చేసిన తాకుతెర

కణేకల్‌లో ఒకప్రక్క తుంగభద్ర ఎగువ కాలువ నీరు చేరు చెరువున్నది. మరొకప్రక్క వేదవతి ఇసుకదిబ్బలున్నవి. వైశాఖమాసములో ఆ దిబ్బలమీదుగా వీచు గాలికి తడిబట్ట చూచుచుండగనే ఆరిపోవును. నేటి మా ప్రసంగమునకు ఆ తడిబట్టయే ఆధారము.

చేతిఫోను తెర వ్రేలు తాకిన చోటును గ్రహించును. కాని గాజు వంగదు, సాగదు. పక్షవాతముచేత ఒకచేయి స్వాధీనము తప్పినవారికి, ఒకచేత ఫోను పట్టి మరొకచేత తాకుట కష్టము. తాకుతెరయే ఆ చేతికి చర్మమువలె అంటుకొనియున్నచో వారికెంత మేలు!

2016లో దక్షిణ కొరియాలోని సియోల్ జాతీయ విశ్వవిద్యాలయమువారు అట్టి పొరను చేసి చూపిరి. అది తాటిముంజవలె మెత్తనిది, పారదర్శకమైనది. పాలీఎక్రిలమైడు అను పదార్థపు వలలో నీరు నిలిచియుండును. ఆ నీటిలో కరిగిన లిథియం క్లోరైడు లవణపు అయానులు విద్యుత్తును మోయును. నాలుగు మూలలనుండియు స్వల్పమైన విద్యుత్తు పంపుదురు. వ్రేలు తాకగనే దగ్గరి మూలనుండి ఎక్కువగను, దూరపు మూలనుండి తక్కువగను దేహములోనికి పారును. ఈ నాలుగు కొలతలనుబట్టి తాకిన చోటు తెలియును. వైశాల్యము పదిరెట్లకు మించి సాగినను అది పనిచేసినది. చర్మమునకు తగులకుండ అడుగున వేరొక పొర నుంచి, ముంజేతికి అంటించుకొని, దానిపై అక్షరములు వ్రాసిరి, చదరంగమాడిరి.

సాగుటకు నీరే మూలము. విద్యుత్తు పారుటకును నీరే మూలము. ఆ నీరు ఆవిరియైనచో? వానకాలములో ఉప్పుజాడి చెమ్మగిల్లుట మన ఇండ్లలో చూచినదే. లిథియం క్లోరైడు అంతకంటె గట్టిగా నీటిని పట్టియుంచును. అయినను గాలి యెంత పొడియైన, పొరలోని నీరంత తగ్గును. కావున దానికి కవచము కావలెను. సిలికోను రబ్బరు మెత్తనిదే గాని నీటియావిరిని పోనిచ్చును. సైకిలు ట్యూబులకు వాడు బ్యూటైలు రబ్బరు దానికంటె ఎంతో బాగుగా ఆపును.

చల్లని పరిశోధనశాలలో నెగ్గినంతమాత్రమున చాలదు. చెమటకు, ధూళికి, వైశాఖపు గాలికి ఓర్చిన పరికరమే మన చేతికి తగినది. అనంతపురములో సాంకేతిక విశ్వవిద్యాలయమున్నది. కణేకల్ ఆ జిల్లాలోనిదే. అక్కడి విద్యార్థులు ఇట్టి పొరను ఒక వేసవి యిచ్చట ఉంచి, దినదినము తూచి చూచిరేని, ఎంత నీరు పోయినదో త్రాసే చెప్పును. నీటిచుక్క విలువ తెలిసిన సీమలో ఆ పరీక్ష జరుగుట యుక్తమని మా మనవి.