ఊరి పేరు కొడితే మన రాత దొరకాలి
(పలాసలో కార్యకర్తల ముందు చేసిన ప్రసంగం)



2012 జూన్ 12న లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపేశారు. మద్దువలస రిజర్వాయరు మిగులు భూమి దున్నుకున్నందుకు! ఆ ఊరి పేరు సెల్లులో కొడితే మన పత్రిక రాసింది దొరకదు. ఎందుకని? మనం పేజ్‌మేకర్‌లో అను ఫాంటుతో కొడతాం. కంటికది తెలుగే, లోపలున్నవి ఇంగ్లీషు గుర్తులు. వెబ్‌సైటుకి ఎక్కిస్తే పిచ్చిగీతలే. పేజీ ఫొటో పెడితే చదవొచ్చు గానీ వెతికేవాడికి చిక్కదు. కాబట్టి ప్రెస్సుకి పంపిన ఫైలునే యూనికోడ్‌లోకి మార్చాలి. వత్తులు చెదురుతాయి, ప్రూఫు మళ్లీ చూడాల్సిందే.

పత్రికలో 'మొన్న' అంటే చెల్లుతాది, తేదీ అట్ట మీదుంది గనక. అక్కడ అట్ట ఉండదు. టెక్కలో, పలాసో, ఏ తేదీనో ప్రతి వార్తలోనూ రాయండి. ఉద్దానం కిడ్నీ రోగుల పేర్లు మాత్రం తీసెయ్యండి. పత్రిక నాలుగూళ్లు తిరిగి ఆగిపోతాది, ఇది ఆగదు.