పరిశోధనము - ప్రకటనము

శాస్త్రజ్ఞు డొక సత్యమును కనుగొన్నంతమాత్రమున అది లోకమునకు జ్ఞానము కాజాలదు. దానిని వ్రాసి, పదుగురి పరీక్షకు నిలుపవలెను.

ఇందుకు మన దేశమునందే చక్కని నిదర్శన మున్నది. 1928 ఫిబ్రవరి 28వ తేదీన కలకత్తాలో చంద్రశేఖర వేంకట రామన్‌గారు, చెదరిన కాంతిలో మూలకాంతియందు లేని క్రొత్త కిరణము లుండుటను నిర్ధారించిరి. మార్చి 16న బెంగుళూరులో దానిపై ఉపన్యసించి, ఆ వ్యాసమును వెంటనే అచ్చు వేయించి, ప్రతులను దేశదేశముల శాస్త్రజ్ఞులకు టపాలో పంపిరి. మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అను పండితులు ఇదే విశేషమును స్ఫటికములయందు ఫిబ్రవరి 21ననే చూచియుండిరి. అయినను వారి వ్యాసము జూలైలోగాని వెలువడలేదు. 1930లో నోబెల్ బహుమానము రామన్‌గారికే లభించినది.

అయితే వేగ మొక్కటే చాలునా? చాలదు. ప్రయోగవిధానము వ్యాసమున విశదముగా నున్నపుడే ఇతరులు దానిని సరిచూడగలరు. అమెరికాలో వుడ్ పండితుడు ఆ ప్రయోగమును తానును చేసి, ఫలితము నిజమని ధ్రువపఱచెను.

నేడు, 1991లో ఆరంభమైన ఆర్కైవ్ వంటి ఇంటర్‌నెట్ భాండాగారములవలన, నిపుణుల పరిశీలనకు ముందే వ్యాసములు లోకమంతటికిని అందుచున్నవి. కావున పరిశోధనవార్త విన్నపుడెల్ల మనము రెండు ప్రశ్నలు వేసికొందము: ఎట్లు చేసిరి? మఱియొకరు చేసి చూచిరా?