సముద్రానికీ ఒక గేజీ



మొన్న నడికుడిలో మిరప నారుమళ్ళు చూచి వస్తూ రచ్చబండ దగ్గర ఆగినాను. మాటల్లో సునామీ ప్రస్తావన వచ్చింది. ఒక పెద్దాయన నవ్వి, "ఏమయ్యా ఆఫీసరూ, సముద్రమెక్కడ, మన పల్నాడెక్కడ? కెరటమొచ్చి మన కల్లాలు ముంచుతుందా?" అన్నారు.

ముంచదు. సముద్రం మనకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. కాని ఆ పెద్దాయన కూతురిని ఇచ్చింది బాపట్ల అవతల, సముద్రపు ఒడ్డు ఊరికే! కార్తీక పౌర్ణమికి మనవాళ్ళు స్నానాలకని సూర్యలంకకు పోతూనే ఉన్నారు. కనుక ఈ సంగతి మనమూ తెలుసుకోవలసినదే.

సాగరు కుడికాలువ తూముల దగ్గర అంకెలు వేసిన గేజీ మీరు చూచే ఉంటారు. లస్కరు దానిని చూచి నీరు ఎంత ఉన్నదో చెబుతాడు. సముద్రానికీ అటువంటి గేజీ ఉన్నది. అయితే కాలువ నీరు నిలకడగా ఉంటుంది, సముద్రం క్షణం నిలవదు. మరి కొలిచేదెట్లా? రేవులో ఒక లావుపాటి గొట్టాన్ని నిలువుగా నిలిపి, అడుగున చిన్న రంధ్రం ఉంచుతారు. పైన అలలు ఎగిరిపడుతున్నా, సన్నని రంధ్రం గుండా వచ్చే నీరు లోపల నెమ్మదిగానే లేస్తుంది, నెమ్మదిగానే దిగుతుంది. ఆ నీటిమీద తేలే బిళ్ళకు కలం తగిలించి, తిరిగే కాగితంమీద గీత గీయించేవారు. ఇప్పుడు రాడారు గేజీలు వచ్చినవి. అవి పైనుంచి తరంగాన్ని పంపి, అది నీటిని తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి మట్టం కట్టి, ఉపగ్రహం ద్వారా కబురు పంపుతవి.

వీటివల్ల ప్రయోజనాలు రెండు.

మొదటిది, నిదానంగా జరిగే మార్పు తెలియడం. విశాఖపట్నం సముద్రమట్టపు లెక్కలు 1937 నుండి ఉన్నవి. ప్రపంచమంతటా ఇటువంటి లెక్కలు కూర్చి చూడగా, 1901 నుండి 2018 వరకు సముద్రం సగటున 20 సెంటీమీటర్లు పెరిగినదని తేలింది. జానెడేగదా అనవద్దు. సముద్రం పొంగి ఉన్నప్పుడు డెల్టా మురుగుకాలువలు దిగవు, వరిచేలమీద నీరు నిలుస్తుంది, ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది. ఒక మెలకువ కూడా ఉన్నది. గేజీ నిలబెట్టిన నేలే కుంగితే, సముద్రం పెరిగినట్లు కనిపిస్తుంది. అందుకే ఒడ్డున గట్టి గుర్తురాయి పెట్టి, దానితో సరిచూస్తూ ఉండవలెను.

రెండవది ప్రాణరక్షణ. 2004 డిసెంబరు 26, ఆదివారం, పౌర్ణమి. ఉదయం ఆరున్నర వేళ సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కంపించింది. సుమారు రెండున్నర గంటల తరువాత కెరటం మన తీరాన్ని తాకింది. ఆంధ్ర తీరంలోనే నూరుమందికి పైగా పోయినారు. రెండున్నర గంటలు! ఊరు ఊరంతా నడిచి తప్పుకొనడానికి చాలినంత వ్యవధి. మన రేవుల్లోని గేజీలు ఆ కెరటాన్ని నమోదు చేసినవి కూడా. కాని ఆ లెక్క వెంటనే ఒక చోటికి చేరి, అక్కడినుంచి ఊళ్ళకు హెచ్చరిక వెళ్ళే ఏర్పాటు అప్పుడు లేదు.

2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టినారు. భూకంపం వచ్చిన కొద్ది నిమిషాలకే అక్కడ తెలుస్తుంది. అయితే ప్రతి భూకంపమూ సునామీని పుట్టించదు. పుట్టినదీ లేనిదీ తేల్చి చెప్పేవి నడిసముద్రంలోని పీడన పరికరాలు, ఒడ్డున ఉన్న గేజీలు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర మళ్ళీ పెద్ద భూకంపం వచ్చినప్పుడు ముందుగా హెచ్చరిక చేసినారు. నీటిమట్టం కొద్దిగానే కదిలినట్లు తేలిన మీదట అదేరోజు దానిని ఎత్తివేసినారు. కెరటం రాలేదుగదా అని అటువంటి హెచ్చరికను వెక్కిరించరాదు. మబ్బు చూచి కల్లంలో మిరపకాయలమీద పట్టా కప్పుతాము. వాన రాకపోతే పట్టా కప్పినందుకు విచారిస్తామా?

తీరానికి పోయేవారు నాలుగు మాటలు గుర్తుంచుకొనండి. ఒడ్డున ఉండగా భూమి గట్టిగా అదిరినా, నీరు ఉన్నట్టుండి దూరంగా వెనక్కు పోయినా, కబురుకోసం చూడవద్దు. గవ్వలూ చేపలూ ఏరుకొనడానికి దిగవద్దు. పిల్లలను తీసుకొని మెరకకు, లేదా ఊరి లోపలికి పోవలెను. దూరం పోలేకపోతే గట్టి డాబా పైఅంతస్తు ఎక్కవలెను. మొదటి కెరటం పోగానే తిరిగి రావద్దు. తరువాతది అంతకంటె పెద్దది కావచ్చు. అధికారులు చెప్పిన పిమ్మటనే రావలెను.

ఈ మాటలన్నీ విన్న పెద్దాయన కాసేపు నవ్వలేదు. "నాలుగు మాటలూ మళ్ళీ చెప్పు, అమ్మాయికి ఫోను చేస్తా" అన్నారు. మీరూ తీరాన ఉన్న మీ వాళ్ళకు చెప్పండి.

సెలవు.