షుగరు వ్యాధి – భయం, నిరుత్సాహం: ఇంటివాళ్ళు చేయగలిగిన సాయం



రోగి పక్కన కూర్చునే మీతో ఈరోజు కాసేపు మాట్లాడదలచుకున్నాను. షుగరు వ్యాధికి ఏం తినాలో, ఏం తినకూడదో మీలో చాలామందికి తెలుసు. డాక్టరు గారు చెబుతారు, చీటీ మీద రాసి కూడా ఇస్తారు. అయినా ఇంటికి వెళ్ళిన రెండు మూడు నెలలకు కొందరు నడక మానేస్తారు. మాత్రలు అయిపోతే మళ్ళీ తెచ్చుకోరు. రక్త పరీక్షకు వెళ్దామంటే "వచ్చే వారం చూద్దాంలే" అంటారు. అప్పుడు మీరు మా దగ్గరికి వచ్చి, "సిస్టర్, ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదు. అంతా మొండితనం" అని వాపోతారు.

అది మొండితనం కాకపోవచ్చు. చాలాసార్లు దాని వెనుక భయం ఉంటుంది. సెలవు లేకుండా రోజూ చేయాల్సిన పని వల్ల వచ్చే విసుగు ఉంటుంది. ఈ రెండింటినీ గుర్తించకుండా మనం కోప్పడితే ఆ మనిషి మారరు, దాచుకోవడం నేర్చుకుంటారు. కాబట్టి మందు, భోజనం, నడకతో పాటు భయాన్ని తగ్గించడం కూడా వైద్యంలో భాగమని గుర్తుంచుకోండి.

ఇది మీ ఒక్క ఇంటి సమస్య కాదు. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందని అందులో అంచనా వేశారు. షుగరుతో బ్రతకడంలో ఉండే మనోవేదనను కొలవడానికి విలియం పొలాన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1995లోనే ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అంటే ఈ బాధ రోగి కల్పించుకున్నది కాదు, వైద్యులు గుర్తించి కొలుస్తున్నదే.

భయం ఎలా బయటపడుతుంది?

"నాకు భయంగా ఉంది" అని నోరు తెరిచి చెప్పేవారు తక్కువ. ముఖ్యంగా మగవాళ్ళు, పెద్దవాళ్ళు చెప్పరు. వారి ప్రవర్తనలో చూడాలి. "అందరికీ ఉన్నదే, నాకేం కాదు" అని మాట దాటేస్తారు. రిపోర్టు తెచ్చుకోవడానికి వెళ్ళరు. పరీక్ష ఉందంటే రెండు రోజుల ముందు నుంచి అన్నం తగ్గించేసి, రిపోర్టు బాగా రాగానే మళ్ళీ మామూలే. హెచ్‌బిఎ1సి అనే పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సగటు షుగరును చూపిస్తుంది కాబట్టి అక్కడ ఈ ఉపాయం పనిచేయదు. ఇంకొందరు ఎవరో చెప్పిన పసరు, పొడి మొదలుపెట్టి మాత్రలు మానేస్తారు.

ఇలాంటివి చూసినప్పుడు ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ జబ్బులో నిన్ను అన్నిటికంటే భయపెట్టేది ఏది?" అడిగి ఊరుకోండి. మధ్యలో అడ్డురాకుండా వినండి. అసలు భయం ఏదో తెలిస్తే దానికి జవాబు చెప్పవచ్చు.

ఏ భయానికి ఏ జవాబు?

"మా బాబాయికి కాలు తీసేశారు. నాకూ అంతే." ఇది చాలామందిలో ఉన్న భయం. షుగరు ఎక్కువ కాలం అదుపు తప్పితే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. రక్తప్రసారం కూడా తగ్గితే పుండు మానదు. అయితే కాలు పోవడానికి ముందు ఇన్ని మెట్లు ఉన్నాయి, ప్రతి మెట్టు దగ్గరా ఆపే అవకాశం ఉంది. రోజూ రాత్రి పాదాల అడుగు భాగం, వేళ్ళ సందులు చూడాలి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. చిన్న పుండైనా, పొక్కైనా సొంత వైద్యం చేయకుండా వెంటనే చూపించాలి. పెద్దవాళ్ళు వంగి చూసుకోలేరు. ఆ పని మీరు చేయండి.

"ఈ మాత్రలతో కిడ్నీలు పాడవుతాయి." కిడ్నీలను పాడుచేసేవి అదుపులో లేని షుగరు, అదుపులో లేని బీపీ. డాక్టరు గారు పరీక్షలు చూసి, కిడ్నీల పనితీరును బట్టి మందు మోతాదు మారుస్తారు. చీటీ లేకుండా కొని తరచూ మింగే నొప్పుల మాత్రల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి.

"ఇన్సులిన్ అన్నారంటే ఇక చివరికి వచ్చినట్టే." ఇది తప్పు అభిప్రాయం. 1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో 14 ఏళ్ళ లియోనార్డ్ థాంప్సన్ అనే కుర్రవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అతనిది మొదటి రకం మధుమేహం. ఆ రోజుల్లో అది వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బ్రతికేవారు కాదు. ఇన్సులిన్‌తో అతను మరో 13 ఏళ్ళు జీవించాడు. రెండో రకం మధుమేహంలో ఏళ్ళు గడిచేకొద్దీ క్లోమ గ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాల శక్తి తగ్గుతుంది. అప్పుడు బయటి నుంచి ఇవ్వవలసి రావచ్చు. అది రోగి చేసిన తప్పుకు శిక్ష కాదు. "నువ్వు సరిగ్గా ఉండి ఉంటే సూది దాకా వచ్చేదా?" అనే మాట ఇంట్లో ఎవ్వరూ అనకండి.

"షుగరు పడిపోయి చచ్చిపోతానేమో." ఒకసారి చెమటలు పట్టి, వణికి పడిపోయిన మనిషికి ఈ భయం మిగిలిపోతుంది. ఆ తరువాత మందు వేసుకోవడానికే జంకుతారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగరు పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వేళకు తినకపోతే పడిపోవచ్చు. వణుకు, చెమట, గుండెదడ, ఆకలి, తికమక మాటలు దీని గుర్తులు. షుగరు 70 కంటే తగ్గినా, ఈ గుర్తులు కనిపించినా మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల తరువాత చూసి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇంట్లో అందరికీ ఇది తెలిసి ఉంటే రోగికి సగం ధైర్యం వస్తుంది. ఒక్క పొద్దు, ఉపవాసం ఉండాలనుకునే వారు, అది ఏ మతం వారైనా, ముందుగా డాక్టరు గారితో మాట్లాడాలి.

ఉత్సాహం ఎందుకు తగ్గిపోతుంది?

పంటి నొప్పి వస్తే ఎవరూ చెప్పకుండానే ఆస్పత్రికి పరుగెడతాం. షుగరు 250 ఉన్నా చాలామందికి నొప్పి ఉండదు. ఈరోజు మాత్ర మానేస్తే రేపు ఏమీ కాదు. పదేళ్ళ తరువాత రాబోయే నష్టం కోసం ఈరోజు ఎదురుగా ఉన్న బొబ్బట్టును వదులుకోమంటున్నాం. అది తేలికైన పని కాదని ముందు మనం ఒప్పుకోవాలి.

అందుకే దూరంగా ఉన్న భయాలు చూపించకుండా, దగ్గరలో ఉన్న మేలు చూపించండి. షుగరు బాగా ఎక్కువగా ఉండి అదుపులోకి వస్తున్నప్పుడు రాత్రిళ్ళు మూత్రానికి లేవడం తగ్గుతుంది, నిద్ర పడుతుంది, దాహం, నీరసం తగ్గుతాయి. ఇవి కొద్ది రోజుల్లో, వారాల్లో తెలిసే మార్పులు. "నాన్నా, రాత్రి ఎన్నిసార్లు లేచావు?" అని అడగండి. నాలుగుసార్లు లేచేవారు ఒక్కసారే లేచారంటే, ఆ సంగతి ఇంట్లో అందరి ముందు చెప్పండి.

రెండో కారణం, అంతా ఒకేసారి చేయాలనుకోవడం. రేపటి నుంచి అన్నం బందు, తెల్లవారి గంట నడక, తీపి ముట్టను అంటారు. పది రోజులకు అలసిపోతారు. ఒకరోజు పెళ్ళి భోజనంలో జారితే "ఇంక నావల్ల కాదు" అని మొత్తం వదిలేస్తారు. కొంచెం మార్పుకూ విలువ ఉందని తెలిస్తే ఇలా జరగదు. బ్రిటన్‌లో 1977లో మొదలుపెట్టి, కొత్తగా రెండో రకం మధుమేహం బయటపడిన 5,102 మందిని ఏళ్ళ తరబడి గమనించిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 1998లో వచ్చాయి. అందులో ఒక వర్గం వారి హెచ్‌బిఎ1సి సుమారు 7.9, మరింత శ్రద్ధగా చికిత్స పొందిన వారిది 7.0. తేడా ఒక శాతం కూడా లేదు. అయినా కంటి, కిడ్నీల చిన్న రక్తనాళాలకు సంబంధించిన నష్టాలు రెండో వర్గంలో 25 శాతం తగ్గాయి. కాబట్టి 9 నుంచి 8కి వచ్చినవారు ఓడిపోలేదు, ముందుకు వచ్చారు.

ఇంట్లో మీరు చేయగలిగినవి

మొదటిది, అంకెను మార్కుల్లా చూడకండి. జ్వరం 102 చూపించిందని ఎవరూ రోగిని తిట్టరు గదా. షుగరు 220 వచ్చినా అంతే. "ఏం తిన్నావు?" అని నిలదీయకుండా, "నిన్న నిద్ర పట్టిందా? మాత్ర దొరికిందా? ఏమైనా దిగులా?" అని అడగండి. ఇన్‌ఫెక్షన్, కొన్ని రకాల మందులు, మానసిక ఒత్తిడి కూడా షుగరును పెంచుతాయి. చాలామంది పెద్దలకు పరగడుపున 80 నుంచి 130, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 లోపు, హెచ్‌బిఎ1సి 7 లోపు లక్ష్యంగా పెడతారు. వయసు మళ్ళినవారికి, వేరే జబ్బులు ఉన్నవారికి లక్ష్యం కొంచెం సడలిస్తారు. మీ వారి లక్ష్యం ఎంతో డాక్టరు గారినే అడగండి.

రెండవది, రోగికి వేరే వంట పెట్టకండి. ఇంట్లో అందరూ పూరీలు తింటుంటే ఒక్క మనిషి ముందు జొన్నరొట్టె పెడితే అది శిక్షలా ఉంటుంది. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు అన్నం లేదా రొట్టె, పావు వంతు పప్పు, గుడ్డు, చేప వంటివి ఉండాలి. ఈ భోజనం ఇంటిల్లిపాదికీ మంచిదే. పండుగకు అరిసెలు చేసుకుంటే ఒకటి కంచంలో మీ చేతులతోనే పెట్టి, ఆ పూట అన్నం తగ్గించండి. ఎదురుగా తిన్న ఒక్క అరిసె కంటే అర్ధరాత్రి చాటుగా తిన్న నాలుగు ఎక్కువ నష్టం చేస్తాయి.

మూడవది, నడవమని పంపకండి, తోడు వెళ్ళండి. భోజనం తరువాత పది నిమిషాల నడక కూడా షుగరు బాగా పెరగకుండా సాయపడుతుంది. వీధి చివరి దాకా మనవడితో వెళ్ళి వస్తే చాలు, ముందు అక్కడితో మొదలుపెట్టండి.

నాలుగవది, మనసు బాగాలేని రోజుకు ఒక చిన్న ఏర్పాటు ముందే చేసుకోండి. ఆ రోజు నడక లేకపోయినా ఫరవాలేదు. వేళకు భోజనం, మాత్ర, పాదాలు చూసుకోవడం, ఈ మూడు మాత్రం వదలవద్దు. మర్నాడు మళ్ళీ మామూలుగా మొదలుపెట్టవచ్చు.

ఐదవది, ఖర్చు గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోండి. కొందరు పిల్లల మీద భారం వేయడం ఇష్టం లేక మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటారు. అలా జరుగుతుంటే మాకు చెప్పండి. తక్కువ ధరలో దొరికే మందుల గురించి డాక్టరు గారిని అడగవచ్చు. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా విచారించవచ్చు.

అమ్మకు షుగరు వస్తే

ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటాయనకు షుగరు వస్తే ఆవిడ మాత్ర అందిస్తుంది, కూర వేరుగా వండుతుంది. ఆవిడకే వస్తే అందించేవారు ఉండరు. అందరికీ వడ్డించి మిగిలిన అన్నం, అడుగున మిగిలిన చారుతో మధ్యాహ్నం మూడింటికి తింటుంది. మాత్ర సంగతి మరచిపోతుంది. తన కోసం కూర వేరే చేసుకోవడానికి మొహమాటపడుతుంది. ఆవిడను "నీ ఆరోగ్యం నువ్వు చూసుకోవాలి కదా" అని మందలించడం న్యాయం కాదు. ఆవిడ మొదటి పంక్తిలో కూర్చునేలా చూడండి. మాత్ర మీరు అందించండి. సాయంత్రం అరగంట వంటింటి పని మీరు చేసి ఆవిడను నడకకు పంపండి.

మనసు మరీ కుంగిపోతే

విసుగు వేరు, కుంగుబాటు వేరు. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ సమయం దిగులుగా ఉండడం, ఇష్టమైన పనులు కూడా వద్దనడం, నిద్ర లేకపోవడం లేదా అతిగా పడుకోవడం, "నేనుండి ఏం లాభం" అనడం కనిపిస్తే అది డిప్రెషన్ కావచ్చు. మధుమేహం ఉన్నవారిలో ఇది మిగతావారికంటే దాదాపు రెండింతలు ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి చికిత్స ఉంది. సిగ్గుపడకుండా డాక్టరు గారికి చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలని ఉందని ఎవరైనా అంటే ఆ మాటను తేలికగా తీసుకోకండి, వారిని ఒంటరిగా వదలకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

సోదరీ సోదరులారా, మీరు కూడా అలసిపోతారని మాకు తెలుసు. ఒక్కరే అన్నీ మోయకండి. మాత్రలు తేవడం ఒకరు, నడకకు తోడు ఒకరు, పాదాలు చూడడం ఒకరు అని పంచుకోండి. ఏడాదికి ఒకసారి కంటి పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, పాదాల పరీక్ష చేయించడం గుర్తుపెట్టుకోండి.

ఈ రాత్రికి ఒక్క పని చేయండి. భోజనాలయ్యాక మీ అమ్మ గారినో, నాన్న గారినో, భర్తనో, భార్యనో కూర్చోబెట్టి, పాదాలు ఒళ్ళోకి తీసుకుని దీపం వెలుతురులో అడుగు భాగం చూడండి. చూస్తూ, ఈ జబ్బులో వారికి ఏం భయమో నెమ్మదిగా అడగండి. వారు చెప్పిన మాటను ఈసారి చెకప్‌కు వచ్చినప్పుడు మాకు కూడా చెప్పండి. డాక్టరు గారికి ఆ మాట కూడా రిపోర్టు అంత అవసరం.