చిన్న దీవి - పెద్ద పతకం



మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా జిల్లా పోటీల్లో పరుగుపందేనికి వెళ్ళింది. అందరికన్నా ఆఖరున వచ్చింది. ఇంటికొచ్చి మంచంమీద బోర్లా పడుకుని ఒకటే ఏడుపు. నేను తల నిమిరి, "పోనీలే తల్లీ, ఇంక మానెయ్యి. మనకెందుకొచ్చిన పరుగులు" అన్నాను. ఓదారుస్తున్నాననే అనుకున్నాను. అది నిజంగానే మానేసింది. అలా ఎందుకన్నానా అని తర్వాత నన్ను నొచ్చుకునేట్టు చేసిన కథ ఒకటుంది. అదే ఈవేళ మీకు చెబుతాను.

బెర్ముడా పేరు మీరు వినే ఉంటారు. 2007 ప్రపంచకప్పు క్రికెట్టులో మనవాళ్ళు 413 పరుగులు చేసింది ఈ దీవి జట్టుమీదనే. ఆ రోజు భారీ మనిషి ఒకాయన పక్కకు ఎగిరి ఒంటిచేత్తో క్యాచి పట్టాడు. అవుటయింది మనవాడైనా మా ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు.

అట్లాంటిక్ మహాసముద్రం మధ్యన, బ్రిటిషు వారి ఏలుబడిలో ఉన్న చిన్న భూభాగం అది. జనాభా సుమారు 64 వేలు. మన బాపట్ల పట్నమంత కూడా లేదన్నమాట! అక్కడ నదులు లేవు, మంచినీటి సరస్సులు లేవు. ప్రతి ఇంటికీ మెట్లు మెట్లుగా ఉండే తెల్లటి పైకప్పు కడతారు. దానిమీద పడిన వానచుక్క ఇంటికింద తొట్టిలోకి చేరుతుంది. ఆ నీళ్ళే తాగడానికి, వంటకు, స్నానానికి. నీటి కరువు చూసిన మనబోటి ఇల్లాళ్ళకు ఆ ఇబ్బంది వేరే చెప్పాలా?

ఇంత చిన్నచోటు వారు 1930లో కెనడాలో జరిగిన మొట్టమొదటి బ్రిటిష్ సామ్రాజ్య క్రీడలకే వెళ్ళారు. వాటినే ఇప్పుడు కామన్వెల్త్ క్రీడలంటున్నాం. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. వెళ్ళడమే గాని పతకం మాట లేదు. నలభై ఏళ్ళు గడిచాయి. 1976లో మాంట్రియల్‌లో క్లారెన్స్ హిల్ అనే ఆయన బాక్సింగ్‌లో కంచు పతకం తెచ్చాడు. 1990లో ఆక్లండ్ కామన్వెల్త్ క్రీడల్లో క్లారెన్స్ సాండర్స్ హైజంపులో బంగారు పతకం గెలిచాడు. ఒలింపిక్స్‌లో బంగారం మాత్రం అందలేదు.

ఇక అసలు కథకొస్తాను. ఆ దీవిలో 1987లో ఫ్లోరా డఫీ అనే ఆడపిల్ల పుట్టింది. ఆమె ఎంచుకున్న ఆట ట్రయథ్లాన్. ఒలింపిక్స్‌లో అయితే ముందు కిలోమీటరున్నర ఈత, ఒడ్డెక్కగానే 40 కిలోమీటర్లు సైకిలు, దిగగానే 10 కిలోమీటర్ల పరుగు. మధ్యలో విశ్రాంతి అనేది లేదు. వింటుంటేనే మనకు ఆయాసం వస్తుంది గదూ!

పిల్ల చురుకైనది కనుక బ్రిటన్ తరఫున ఆడే అవకాశం వచ్చింది. పెద్ద దేశం, డబ్బుకూ శిక్షకులకూ కొదవ లేదు. అయినా ఆమె వద్దంది. ఆడితే బెర్ముడాకే ఆడతానంది.

2008లో బీజింగ్ వెళ్ళింది. అప్పటికి ఇరవై ఏళ్ళు. పందెం పూర్తి చెయ్యనే లేకపోయింది. మనసు విరిగి ఆటే మానేసింది. అమెరికాలో కొలరాడో వెళ్ళి చదువులో పడింది. అక్కడితో అయిపోయిందనుకోవాలి. కాని మెల్లిగా మళ్ళీ సైకిలెక్కింది. 2012లో లండన్‌లో సైకిలుమీంచి పడింది. లేచి పందెం పూర్తి చేసింది. వచ్చిన స్థానం 45. 2016లో రియోలో 8వ స్థానం. ఆ ఏడూ, మరుసటేడూ ప్రపంచ విజేత. 2018లో కామన్వెల్త్ బంగారం గెలిచింది. ఇక ఒలింపిక్స్ ఒక్కటే మిగిలిందనుకుంటుండగా పాదానికి దెబ్బ తగిలి చాలాకాలం పోటీలకు దూరమైంది.

2020లో జరగవలసిన టోక్యో ఒలింపిక్స్ మహమ్మారి వల్ల 2021కి వాయిదా పడ్డాయి. బెర్ముడానుంచి వెళ్ళినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరే. ఒకరు పడవ నడిపే డారా అలిజాదే, రెండోది మన ఫ్లోరా. జులై 27న పొద్దున్నే తుపాను వానకు పందెం కాస్త ఆలస్యమైంది. తడిసిన రోడ్డుమీద సైకిలు, ఆపైన పరుగు. 1 గంట 55 నిమిషాల 36 సెకన్లలో ఫ్లోరా అందరికన్నా ముందు వచ్చింది. రెండో స్థానంలో ఉన్న బ్రిటన్ అమ్మాయికన్నా 74 సెకన్లు ముందు! అప్పటికి ఆమెకు 33 ఏళ్ళు. వేసవి ఒలింపిక్స్‌లో అంత తక్కువ జనాభా గల చోటు ఏదీ అంతకుముందు బంగారం గెలవలేదు. ఆ అక్టోబరు 18న దీవి అంతటా ఆమె పేరుమీద సెలవు ఇచ్చారు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లోనూ ఆమెదే బంగారం. మోకాలి దెబ్బనుంచి కోలుకుని 2024లో పారిస్ వెళ్ళి అయిదో స్థానంలో నిలిచింది.

టోక్యో పందెం సంగతి పేపర్లో చదివి మురిసిపోతూ మా పెద్దదానికి చెప్పాను. "చూశావా, పందెం పూర్తి చెయ్యలేని పిల్ల, ఆఖరికి ఎంతదయిందో!" అన్నాను. అది నా మొహంకేసి చూసి, "నన్ను మానెయ్యమన్నావుగా అమ్మా" అంది. నిష్ఠూరంగా అనలేదు, ఊరికే అంది. నాకు నోట మాట రాలేదు.

మన పిల్లలందరూ ఒలింపిక్స్‌కు వెళతారని కాదు, వెళ్ళాలనీ కాదు. ఫ్లోరా కూడా ఒకసారి మానేసింది. మానెయ్యడం ఆమె ఇష్టం, తిరిగి మొదలుపెట్టడమూ ఆమె ఇష్టమే. మా ఇంట్లో ఆ రెండో సంగతి అమ్మాయి చేతిలో లేకుండా నేనే ముందుగా తేల్చేశాను. ఓడి వచ్చిన పిల్లకు ఆ పూట వేడి వేడిగా అన్నం పెడితే చాలు. "మానెయ్యి" అనో "మానకు" అనో మనం తీర్పు చెప్పనక్కర్లేదు. నాలుగు రోజులు పోయాక, "నీకేమనిపిస్తోందే?" అని అడిగితే సరిపోతుంది.

ఆ మర్నాడు నేను అదే మాట అడిగాను. వెంటనే జవాబు చెప్పలేదు. వారం తర్వాత అటకమీంచి పాత బూట్లు దించింది. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. పోటీలకు వెళ్ళదు, తెల్లవారుజామున మైదానం చుట్టూ పరుగెత్తి వస్తుంది. వచ్చేసరికి రాగిజావ కాచి ఉంచడం నా వంతు.