దేవదూతల నగరంలో లాటినోలు



మీ అట్లాసులో అమెరికా పటం తీసి, కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఊళ్ల పేర్లు చదవండి. శాన్ డియేగో, శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్. ఇవన్నీ స్పానిష్ పేర్లు. ‘లాస్ ఏంజెలెస్’ అంటే దేవదూతలు అని అర్థం. 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ నగర జనాభా దాదాపు 39 లక్షలు. అందులో సుమారు 47 శాతం లాటినోలు. మరి వీరంతా ఈమధ్య బయటినుంచి వచ్చినవారేనా? ఈ విషయం ఈనాడు తెలుసుకుందాం.

ముందుగా ‘లాటినో’ అనే మాట చూద్దాం. మెక్సికో, ఎల్ సాల్వడార్, గ్వాటెమాల వంటి లాటిన్ అమెరికా దేశాలలో మూలాలున్న వారిని లాటినోలు అంటారు. ఇది ఒక జాతి పేరు కాదు. వీరిలో తెల్లవారు, నల్లవారు, ఆదివాసులు, మిశ్రమ సంతతివారు అందరూ ఉన్నారు. అందుకే 2020 జనగణన పత్రంలో ఈ ప్రశ్నను, జాతి ప్రశ్నను విడివిడిగా అడిగారు.

ఇక చరిత్రలోకి వెళదాం. ఈ నేల మొదట టోంగ్వా అనే ఆదివాసులది. 1781 సెప్టెంబరులో స్పెయిన్ పాలన కింద 11 కుటుంబాలకు చెందిన 44 మంది ఇక్కడ ఊరు కట్టారు. వీరిలో అత్యధికులు ఆదివాసీ, ఆఫ్రికన్ మూలాలున్న సామాన్యులు. నది నుంచి నీటికోసం వారు తవ్వుకున్న ప్రధాన కాలువకు స్పానిష్‌లో పెట్టుకున్న పేరుకు అర్థం ‘తల్లి కాలువ’.

1821లో మెక్సికో స్వతంత్రమైంది. 1846-48 యుద్ధంలో ఓడిపోయి కాలిఫోర్నియాను అమెరికాకు వదులుకుంది. అంటే, అప్పటికే అక్కడున్న కుటుంబాలు ఇల్లు కదలలేదు; దేశం మాత్రం మారిపోయింది. తరువాత 1910లో మొదలైన మెక్సికో విప్లవం వల్ల, 1980లలో ఎల్ సాల్వడార్, గ్వాటెమాలలలో జరిగిన అంతర్యుద్ధాల వల్ల వేలాదిమంది వలస వచ్చారు. మధ్యలో 1930ల ఆర్థికమాంద్యంలో ఎంతోమందిని మెక్సికోకు పంపివేశారు. వారిలో అమెరికాలోనే పుట్టిన పౌరులు కూడా ఉన్నారు.

ఇప్పుడు మీ వయసువారి కథ చెబుతాను. 1968 మార్చిలో నగరపు తూర్పు ప్రాంతంలోని ఉన్నత పాఠశాలల నుంచి వేలాదిమంది విద్యార్థులు తరగతులు వదిలి బయటికి నడిచారు. కాలేజీ చదువులకు తమను సిద్ధం చేయాలని, తమ చరిత్రను పాఠాలలో చేర్చాలని, రెండు భాషలలోనూ బోధించాలని వారు కోరారు. సాల్ కాస్ట్రో అనే ఉపాధ్యాయుడు వారికి అండగా నిలిచి అరెస్టయ్యాడు.

ఆ ప్రాంతంలోనే గార్‌ఫీల్డ్ హైస్కూలు ఉంది. బొలీవియాలో పుట్టిన హైమే ఎస్కలాంతే 1974లో అక్కడ గణిత ఉపాధ్యాయుడిగా చేరాడు. కష్టమైన గణితం ఈ పిల్లలకు రాదని చాలామంది అనుకునేవారు. ఆయన అలా అనుకోలేదు. 1982లో ఆయన విద్యార్థులు 18 మంది కలన గణితంలో కాలేజీ స్థాయి పరీక్ష రాసి, అందరూ ఉత్తీర్ణులయ్యారు. కానీ జవాబులలో పోలికలున్నాయంటూ పరీక్ష సంస్థ 14 మందిని అనుమానించింది. వారిలో 12 మంది మళ్లీ పరీక్షకు కూర్చున్నారు. పన్నెండుగురూ మళ్లీ నెగ్గారు!

నేనూ సైన్సు పాఠాలు చెప్పేదాన్నే కనుక ఈ ఉదంతం నన్ను ఆలోచింపజేస్తుంది. ఒక ఫలితం నిజమో కాదో తేల్చడానికి ప్రయోగాన్ని మళ్లీ చేయడం విజ్ఞానశాస్త్ర పద్ధతి. అందులో తప్పులేదు. అయితే సంపన్నుల బడిలో ఇవే మార్కులు వస్తే ఇంత అనుమానం కలిగేదా? ఈ ప్రశ్న ఆనాడే చాలామంది అడిగారు. ఎవరికి చదువు వస్తుంది, ఎవరికి రాదు అని పుట్టుకను బట్టి ముందే నిర్ణయించడం శాస్త్రం కాదు, దురభిప్రాయం.

2005లో ఆంటోనియో వియారైగోసా ఈ నగర మేయరుగా ఎన్నికయ్యాడు. 1872 తరువాత ఆ పదవికి వచ్చిన తొలి లాటినో ఆయనే. ఊరు కట్టినవారి వారసత్వానికి అంతకాలం పట్టింది.

చివరగా మీకొక చిన్న పని. మీ ఊరిలో వేరే భాష మాట్లాడే కుటుంబాలు ఎప్పుడు, ఎందుకు వచ్చాయో పెద్దలను అడిగి రాసుకోండి. ‘బయటివారు’ అనే మాట వాడేముందు ఆ కాగితాన్ని ఒకసారి చదువుకోండి. సెలవు.